నెత్తురు పడితే మొలలేనని ఎవరు తేల్చారు?

మాచర్ల నుంచి నరసరావుపేట దాకా ఏ బస్టాండులో నిలబడినా గోడ మీద ఒక రాత కనిపిస్తుంది: మొలలకు ఆపరేషన్ లేకుండా వైద్యం. గిరాకీ లేని సరుకుకు ఎవరూ గోడలు రాయించరు. దొడ్డికి వెళ్లినప్పుడు నెత్తురు పడితే మన పల్లెల్లో దానికి పేరు ముందే సిద్ధంగా ఉంటుంది. కారం ఎక్కువ తిన్నావు, ఎండన పడి తిరిగావు, వేడి చేసింది, మొలలు వచ్చాయి. మజ్జిగ తాగు, సబ్జా గింజలు నానబెట్టుకో. ఈ మాట ఇంట్లో పెద్దవాళ్లు చెబుతారు, రచ్చబండ మీద చెబుతారు, ఆర్ఎంపీ కూడా చెబుతాడు. లోపల ఏముందో చూసినవాళ్లు మాత్రం ఎవరూ ఉండరు.

ఎక్కువ మందికి అది మొలలే. ఆ సంగతి ముందే చెప్పాలి, ఎవరినీ భయపెట్టడం మా ఉద్దేశం కాదు. కానీ పెద్దపేగు క్యాన్సర్, మలాశయం క్యాన్సర్ కూడా అదే నెత్తురుతో బయటపడవచ్చు. మాటల్లో విని అది ఏదో తేల్చడం పెద్ద డాక్టరుకే చేతకాదు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ఆ పరీక్ష మన రైతుకు, కౌలు రైతుకు, కూలీకి అందడం లేదు. దీన్ని జనం అజ్ఞానం కింద తోసేయడం అధికారులకు అలవాటు. మేము అలా అనుకోవడం లేదు. పరీక్ష మన ఊరికి, మన పని కాలానికి, మన జేబుకు తగ్గట్టు వస్తే జనం వస్తారు. దాన్ని అలా రప్పించుకోవడం గిట్టుబాటు ధర అంత ముఖ్యమైన రైతు సమస్యే.

పదేళ్ల గడువు ఇచ్చే జబ్బు

ప్రపంచంలో ఎక్కువ మందికి వచ్చే క్యాన్సర్లలో పెద్దపేగు, మలాశయం క్యాన్సర్‌ది మూడో స్థానం. 2022 ఒక్క సంవత్సరంలో దాదాపు 19 లక్షల మందికి కొత్తగా వచ్చింది, 9 లక్షల మంది పోయారు. మన దేశంలో అమెరికా, యూరప్‌ల కన్నా తక్కువ మందికే వస్తోంది. అయితే మన దగ్గర వచ్చినవాళ్లు చాలామంది ముదిరాకే ఆసుపత్రికి చేరుతున్నారు.

ఈ జబ్బుకు మిగతా క్యాన్సర్లలో చాలావాటికి లేని ఒక గుణం ఉంది. ఇది ఒక్కసారిగా పుట్టుకురాదు. ముందు పేగు లోపలి గోడ మీద పులిపిరి లాంటి చిన్న కండ లేస్తుంది. డాక్టర్లు దాన్ని పాలిప్ అంటారు. అన్ని పాలిప్‌లూ క్యాన్సర్లు కావు. అయ్యేవాటికి కూడా సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది. ఆ పదేళ్లలో ఎప్పుడు కనిపెట్టినా కొలనోస్కోపీ గొట్టంతోనే దాన్ని కత్తిరించి తీసేయవచ్చు. పొట్ట కోయనక్కర లేదు. అంటే ఈ పరీక్ష జబ్బును తొందరగా కనిపెట్టడమే కాదు, చాలాసార్లు రాకుండానే ఆపుతుంది.

మిరప చేలో మనం ఏం చేస్తాం? 2021లో నల్ల తామర పురుగు వచ్చి పూత మొత్తం రాల్చిన తర్వాత పల్నాడులో ప్రతి రైతుకూ ఒక అలవాటు వచ్చింది. చేలోకి దిగగానే నాలుగు పువ్వులు విప్పి లోపల చూస్తాం. చేను పచ్చగానే కనిపిస్తున్నా చూస్తాం, బయటికి తెలిసేసరికి చేయి దాటుతుందని తెలుసు కాబట్టి. ఆ పాటి జాగ్రత్త మన ఒంటికీ కావాలి.

ఆలస్యానికి ఎంత ఖరీదో అమెరికా లెక్కలు చెబుతున్నాయి. జబ్బు పేగు దాటకముందే దొరికితే అయిదేళ్ల తర్వాత కూడా 100 మందిలో 90 మంది దాకా బతికి ఉంటున్నారు. కాలేయానికో ఊపిరితిత్తులకో పాకిన తర్వాత దొరికితే ఆ సంఖ్య 15 దగ్గరికి పడిపోతోంది. జబ్బు ఒక్కటే, తేడా అంతా దొరికిన వేళలో ఉంది.

మన పల్లెల్లో ఆ వేళ ఎలా దాటిపోతుందో అందరికీ తెలుసు. నెత్తురు పడుతుంది. నాలుగు నెలలు ఎవరికీ చెప్పరు. ఆ తర్వాత ఆర్ఎంపీ మాత్రలిస్తాడు. తగ్గినట్టే ఉండి మళ్లీ వస్తుంది. గోడ మీద రాత చూసి మొలల వైద్యుడి దగ్గరికి వెళ్తే ఆయన పసరో, ఇంజక్షనో ఇస్తాడు. ఈలోగా మనిషి నీరసిస్తాడు. రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు, టానిక్కు. మగవాడికో, ముట్లుడిగిన ఆడమనిషికో ఒంట్లో రక్తం ఎందుకు తగ్గుతోంది, ఎటు పోతోంది అని అడిగే మనిషి ఉండడు. చివరికి పొట్ట ఉబ్బి, మలం ఆగిపోయి, ఆటోలో ఎక్కించుకుని పరుగెత్తేనాటికి ఏడాదో రెండేళ్లో గడిచిపోతాయి. అప్పుడు అమ్మేది మిరప టిక్కీలు కావు, పొలమే.

మూడింటికి పరీక్ష ఉంది, దీనికి లేదు

కేంద్ర ప్రభుత్వం 2016లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగరుతో పాటు మూడు క్యాన్సర్లకు ఊళ్లోనే పరీక్ష చేయాలి: నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. మన రాష్ట్రంలో 2024 నవంబరులో ఇంటింటికీ తిరిగే సర్వే మొదలైంది. ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు గడప గడపకూ వచ్చారు. ఇది మంచి పనే. కానీ పెద్దపేగు క్యాన్సర్ ఆ జాబితాలో లేదు.

దీనికి పరీక్ష ఏమైనా కష్టమా అంటే కాదు. మలంలో కంటికి కనిపించని నెత్తురును పట్టే పరీక్ష ఒకటుంది, పేరు ఫిట్. సూది లేదు, గొట్టం లేదు, ముందు రోజు పస్తు ఉండనక్కర లేదు. చిన్న సీసాలో పుల్లతో కొంచెం మలం తీసుకుని ఇస్తే చాలు. ఇంట్లోనే, ఎవరూ చూడకుండా చేసుకోవచ్చు. ప్రైవేటు ల్యాబులో అయినా వందల రూపాయల్లో అయిపోతుంది. అందులో నెత్తురు ఉందని తేలినవాళ్లకు మాత్రమే కొలనోస్కోపీ అవసరం. నెత్తురు ఉందని తేలినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు, లోపల చూడాలి అని మాత్రమే అర్థం.

ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఫిట్ అనేది ఏ బాధా లేనివాళ్లకు చేసే పరీక్ష. కంటికి నెత్తురు కనిపిస్తున్నవాళ్లు ఫిట్ కోసమో, ప్రభుత్వ పథకం కోసమో ఎదురుచూడకూడదు. నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఆరోగ్య శాఖ వాళ్లను అడిగితే ఒక జవాబు వస్తుంది: మన దగ్గర ఈ జబ్బు తక్కువ, అందరికీ పరీక్ష చేస్తే ఖర్చు ఎక్కువ, కొలనోస్కోపీ చేసే డాక్టర్లు చాలరు. ఇందులో న్యాయం లేకపోలేదు. అందుకే రేపే కోటి మందికి పరీక్ష చేయమని మేము అడగడం లేదు. ఎవరికి ముందు అవసరమో వాళ్లతో మొదలుపెట్టమంటున్నాం. నెత్తురు పడుతున్నవాళ్లు, కారణం తెలియకుండా రక్తం తగ్గినవాళ్లు, తల్లిదండ్రుల్లోనో తోబుట్టువుల్లోనో ఈ జబ్బు వచ్చినవాళ్లు. ఈ మూడు రకాల మనుషుల్ని గుర్తించడానికి కొత్త యంత్రం అక్కర్లేదు. ఇంటికి వచ్చిన ఆశా మరో రెండు ప్రశ్నలు అడిగితే చాలు.

జనం ఎందుకు రావడం లేదు

ఉన్న మూడు పరీక్షలకే జనం రావడం లేదు కదా, నాలుగోది పెడితే వస్తారా అని కొందరు అడుగుతున్నారు. ఎందుకు రావడం లేదో చూద్దాం.

మొదటిది కాలం. ఇంటింటి సర్వే నవంబరులో మొదలైంది. పల్నాడులో నవంబరంటే పత్తి తీతలు. జనవరి నుంచి మిరపకాయ కోతలు. ఆ నాలుగైదు నెలలూ ఆడవాళ్లు తెల్లారకముందే వంట ముగించి ఆటో ఎక్కుతారు, దీపాలు పెట్టే వేళకు దిగుతారు. పది గంటలకు ఆశా వచ్చేసరికి ఇంట్లో ఉండేది ముసలివాళ్లూ తాళం కప్పలూ. తప్పు ఆశాది కాదు. లక్ష్యాలు నింపమని ఆమె చేతికి ఫోను ఇచ్చారు, ఊరి పని వేళలు మాత్రం ఎవరూ అడగలేదు. కర్నూలు వైపు నుంచి కోతలకు వచ్చి చేల దగ్గర గుడారాల్లో ఉండే కూలీలకైతే సర్వేకు చూపించడానికి గడపే లేదు.

రెండోది సిగ్గు. దొడ్డి సంగతి నలుగురిలో మాట్లాడలేం. భార్య భర్తకు చెప్పదు, భర్త కొడుక్కి చెప్పడు. బొల్లాపల్లి, వెల్దుర్తి తండాల్లో అయితే మాట కూడా వేరు. తెలుగులో ముద్రించిన కరపత్రం అక్కడ పనిచేయదు, వాళ్ల భాష మాట్లాడే మనిషి కావాలి.

మూడోది అపనమ్మకం. దీన్ని దాచి లాభం లేదు. క్యాన్సర్ వస్తుందని బెదిరించి మన ఆడవాళ్ల గర్భసంచులు తీసిన చరిత్ర ఈ రాష్ట్రానికి ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో, 2015-16లోనూ 2019-21లోనూ, గర్భసంచి తీయించుకున్న స్త్రీలు దేశంలోకెల్లా ఎక్కువగా ఆంధ్రప్రదేశ్‌లోనే తేలారు. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి దాదాపు తొమ్మిది మంది. తెల్లబట్ట అవుతోందంటే చాలు, ముందు ముందు క్యాన్సర్ అవుతుంది తీసేద్దాం అన్న మాట ఎంత మంది వినలేదు? ముప్పై ఏళ్లకే ఆపరేషన్ చేయించుకుని నడుం వంగక కూలి పోగొట్టుకున్న ఆడవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. అలాంటి ఊళ్లోకి వచ్చి క్యాన్సర్ పరీక్ష అంటే తలుపు ఎందుకు తీస్తారు? పోయిన నమ్మకం తిరిగి రావాలంటే ఏ పరీక్ష ఎందుకో, ఫలితం ఏమిటో, తర్వాత ఏం చేస్తారో కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వాలి. వద్దు అనే హక్కు కూడా ఉందని చెప్పాలి.

నాలుగోది, అన్నిటికన్నా పెద్దది, తర్వాత దారి. అనుమానం ఉందన్నారు, గుంటూరు వెళ్లమన్నారు. మాచర్ల నుంచి గుంటూరు వంద కిలోమీటర్లకు పైగానే. ఒకసారి వెళ్తే పని కాదు. ఓపీకి ఒక రోజు, పేగు ఖాళీ చేసుకుని కొలనోస్కోపీకి ఒక రోజు, ముక్క పరీక్ష రిపోర్టుకు ఇంకో రోజు. తోడు ఒకరు తప్పదు. ఇద్దరి కూలి, చార్జీలు, తిండి లెక్కేసుకోండి. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు జబ్బు తేలిన తర్వాత ఆపరేషన్‌కూ కీమోకూ పనికొస్తుంది. తేలకముందు పోయే కూలికి ఏ కార్డూ లేదు. అందుకే తెలుసుకోకపోవడమే మేలు అనుకుంటున్నారు. అది అజ్ఞానం కాదు, లెక్క. ఆ లెక్కను మార్చాలి.

వచ్చేలా చేసిన చోట్లు

లెక్క మారితే జనం వస్తారనడానికి రుజువులున్నాయి. మన పిల్లలు చాలామంది ఉంటున్న కాలిఫోర్నియానే తీసుకోండి. దాని ఉత్తర భాగంలో కైజర్ పర్మనెంటే అనే పెద్ద వైద్య సంస్థ ఉంది. 2000లో దాని సభ్యుల్లో ఈ పరీక్ష సకాలంలో చేయించుకున్నవాళ్లు నూటికి 39 మంది. చదువుకున్నవాళ్లు, బీమా ఉన్నవాళ్లు కూడా అంతే వచ్చారన్నమాట. ఆ తర్వాత ఫిట్ సీసాలను ప్రతి ఏటా ఇంటికే పోస్టులో పంపడం మొదలుపెట్టారు. పంపనివాళ్లకు గుర్తుచేశారు. 2015కి నూటికి 83 మంది అయ్యారు. పేగు క్యాన్సర్ మరణాలు సగానికి పైగా తగ్గాయి. మనుషులు మారలేదు, పద్ధతి మారింది. ఇంగ్లండులో ప్రభుత్వమే 50 నుంచి 74 ఏళ్ల వారికి రెండేళ్లకోసారి సీసా ఇంటికి పంపుతోంది.

అవి డబ్బున్న దేశాలు అంటారా? మహారాష్ట్రలో ఉస్మానాబాద్ జిల్లా, ఇప్పుడు ధారాశివ్ అంటున్నారు, మన పల్నాడు లాగే మెట్ట ప్రాంతం. 1999 నుంచి అక్కడి పల్లెల్లో లక్షా 30 వేల మందికి పైగా స్త్రీలతో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మీద పెద్ద అధ్యయనం జరిగింది. పరీక్షకు పిలిచినవారిలో పది మందికి ఎనిమిది మంది దాకా వచ్చారు. హెచ్‌పీవీ పరీక్ష ఒక్కసారి చేసిన ఊళ్లలో ఆ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయని 2009లో ఫలితాలు వచ్చాయి. వాళ్లూ కూలికి వెళ్లే ఆడవాళ్లే. ఊళ్లోకి వచ్చి, అర్థమయ్యేలా చెప్పి, తేడా ఉన్నవాళ్లకు వైద్యం చేయించారు కాబట్టి వచ్చారు.

రాకుండా చూసుకోవడం ఎంతవరకు మన చేతిలో ఉంది

పొగ, మద్యం ఈ క్యాన్సర్‌కు కారణాలని తేలిపోయింది. పొగాకు పండించే నేల మనది. ధర రానప్పుడు దాని మీద కోపం వస్తుంది గానీ చుట్ట మీద రాదు. బెల్టుషాపుల సంగతి చెప్పక్కర్లేదు. కదలకుండా కూర్చోవడం, పొట్ట పెరగడం కూడా కారణాలే. ట్రాక్టర్లు వచ్చాక పొలం పని తగ్గిన మోతుబరి రైతులకు ఈ మాట వర్తిస్తుంది.

తిండి విషయంలో పీచు ఉన్న ధాన్యం మేలు చేస్తుంది. ఒకప్పుడు పల్నాడు అంటే జొన్నకూడు. ఇప్పుడు జొన్న అన్నం షుగరు వచ్చినవాళ్ల మందులా తయారైంది. జొన్న తినమని ఉపన్యాసం చెప్పే ముందు జొన్నను మద్దతు ధరకు కొని రేషన్ షాపులో ఇవ్వమని ప్రభుత్వాన్ని అడగాలి. పండించేవాడికీ తినేవాడికీ అదే మేలు.

క్యాన్సర్ అనగానే మన సభల్లో పురుగుమందుల మాట వస్తుంది. గ్లైఫోసేట్ మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో చెప్పింది. ఆ పోరాటం సాగాల్సిందే. అయితే మందులే కారణం, మనం చేసేదేముంది అని చేతులు ముడుచుకోవడానికి అది సాకు కాకూడదు. కారణం ఏదైనా, ముందుగా దొరికిన జబ్బుకే వైద్యం సులువు.

మన డిమాండ్లు, మన పని

ప్రభుత్వాన్ని అయిదు సంగతులు అడుగుదాం.

ఒకటి, ఇంటింటి సర్వేలో మలంలో నెత్తురు, కుటుంబంలో పేగు క్యాన్సర్ గురించిన ప్రశ్నలు చేర్చాలి. అవునన్నవారిని అదే వారంలో డాక్టరుకు చూపించాలి.

రెండు, పల్నాడు జిల్లాలో 45 ఏళ్లు దాటినవారికి ఫిట్ పరీక్షను కొన్ని మండలాల్లో ప్రయోగంగా మొదలుపెట్టాలి. సీసాలు విలేజ్ క్లినిక్‌లో ఇచ్చి అక్కడే తీసుకోవాలి.

మూడు, శిబిరాలు మే, జూన్ నెలల్లో, కోతలు అయ్యి నార్లు పోయకముందు పెట్టాలి. మిగతా కాలంలో అయితే పొద్దున ఆరు లోపు గానీ సాయంత్రం ఆరు తర్వాత గానీ రావాలి. చేల దగ్గర ఉండే వలస కూలీలకు అక్కడికే వెళ్లాలి.

నాలుగు, నరసరావుపేట ప్రభుత్వాసుపత్రిలో వారంలో ఒక రోజు కొలనోస్కోపీకి కేటాయించి, పల్నాడు వాళ్లు ఆ పరీక్ష కోసమే గుంటూరు పరుగెత్తకుండా చూడాలి. జబ్బు తేలినవారిని గుంటూరు పెద్దాసుపత్రిలోని నాట్కో క్యాన్సర్ కేంద్రానికో మంగళగిరి ఎయిమ్స్‌కో తేదీ ఖరారు చేసి పంపాలి.

అయిదు, పరీక్ష కోసం వెళ్లిన రోజులకు రోగికీ తోడుకూ చార్జీలు, కూలి నష్టం ఇవ్వాలి.

ప్రభుత్వం కదిలేదాకా మన గ్రామ కమిటీలు చేయగలిగిన పనులున్నాయి. ప్రతి కమిటీ సమావేశంలో పది నిమిషాలు ఈ విషయానికి ఇవ్వాలి, పేర్లు అడగకుండా. కమిటీలో 45 దాటిన సభ్యులు ముందు తాము పరీక్ష చేయించుకుని ఆ మాట ఊళ్లో చెప్పాలి. నాయకుడే సిగ్గుపడకుండా చెబితే మిగతావాళ్లకు నోరు పెగులుతుంది. ఆడవాళ్లతో మాట్లాడే పని మహిళా సభ్యులకు అప్పగించాలి. ఆర్ఎంపీలతో గొడవ వద్దు. రాత్రిపూట మనకు దిక్కు వాళ్లే. నెత్తురు కేసు వస్తే ఒకటికి రెండుసార్లు మాత్రలిచ్చి ఊరుకోకుండా పెద్దాసుపత్రికి పంపాలని వాళ్లను కూర్చోబెట్టి అడగాలి. ఆసుపత్రికి వెళ్లేవాళ్లకు తోడు లేకపోతే కమిటీ నుంచి ఒకరు వెళ్లాలి. యార్డుకు కాయలు తీసుకెళ్లేటప్పుడు ఒకరికొకరం తోడు వెళ్తున్నాం కదా.

ఇక చదివే ప్రతి ఒక్కరికీ. దొడ్డికి వెళ్లినప్పుడు నెత్తురు పడినా, మలవిసర్జన తీరు మూడు వారాలకు మించి మారినా, కారణం లేకుండా బరువో రక్తమో తగ్గినా డాక్టరును కలవండి. లోపల చూడకుండా మొలలని చెబితే, ఎలా తేల్చారని అడగండి. తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఈ జబ్బు వచ్చి ఉంటే 40 ఏళ్లకే, లేదా వాళ్లకు వచ్చిన వయసు కన్నా పదేళ్లు ముందే, ఏది ముందైతే అప్పుడు, పరీక్ష సంగతి డాక్టరుతో మాట్లాడండి.

వచ్చే నెల మండల సమావేశాల్లో ఈ అయిదు డిమాండ్ల మీద తీర్మానాలు చేసి, వినతిపత్రాలు నరసరావుపేటలో కలెక్టరుకు ఇద్దాం. ఎన్ని కమిటీల్లో ఎంతమంది పరీక్ష చేయించుకున్నారో ఆ సంఖ్యలు కూడా, పేర్లు లేకుండా, ఈ పత్రికకు రాసి పంపండి. వచ్చినవి వచ్చినట్టు అచ్చు వేస్తాం.